మావాడు 'ఎందుకు' అనడం మానేసినాడు, ఇంట్లో చేయించే సైన్సు, లెక్కల పనులు ఏమన్నా చెప్పండి

కొర్లగుంట అమ్మ
ఏప్రిల్ 11, రాత్రి 10:20

అందరికీ నమస్తే. మాది తిరుపతి, మావాడికి ఐదున్నర, యూకేజీ అయిపోవస్తా ఉంది. రెండేళ్ళ కింద వాడి నోరు మూతపడేది కాదు, చీమలు వరసలో ఎందుకు పోతాయి, సబ్బు ఆకుపచ్చగా ఉంటే నురగ తెల్లగా ఎందుకుంటాది, రాత్రిపూట కొండ మీద లైట్లు ఎవరు వేస్తారు, అన్నం పెట్టే లోపల ఇరవై ప్రశ్నలు. ఇప్పుడు ఏం చూపించినా "ఇది పరీక్షలో వస్తాదా మమ్మీ" అంటాడు. నిన్న ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు బాలేదు.

పోయినేడు 1,800 పెట్టి సైన్స్ కిట్ ఒకటి తెప్పించినాం. అగ్నిపర్వతం ఒకసారి పొంగించినాం, వాడు చప్పట్లు కొట్టినాడు, అంతే, డబ్బా అటకెక్కింది. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకు పోతాం, రోజుకు అరగంట, ఆదివారం రోంత ఎక్కువ ఇవ్వగలం. సెలవులు వస్తా ఉన్నాయి కదా, ఇంట్లో ఉండే వస్తువులతో వాడి చేతులు పెట్టి చేసేవి ఏమన్నా ఉంటే చెప్పండి, వీడియో లింకులు వద్దు, మీ పిల్లలతో మీరు చేసినవి చెప్పండి.

పాకాల టీచర్
ఏప్రిల్ 11, రాత్రి 11:05

అమ్మా, నేను పదహారేళ్ళుగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చెప్తున్నాను. కిట్ తప్పు కాదు, అందులో ఏం జరుగుతుందో డబ్బా మీదే రాసి ఉంటుంది, ఇక పిల్లవాడు కనుక్కోవడానికి ఏం మిగిలింది చెప్పండి. మీరు చేయాల్సింది ఒకటే, ముందు వాడి చేత పందెం కాయించండి. "ఇది మునుగుతుందా తేలుతుందా, నీ పందెం ఏంది?" వాడు చెప్పిన తర్వాతే నీళ్ళలో వేయాలి. పందెం కాసినవాడు కన్ను తిప్పకుండా చూస్తాడు.

ఒక టబ్బులో నీళ్ళు పోసి ఎర్రగడ్డ, ఉర్లగడ్డ, రూపాయి బిళ్ళ, చిన్న స్టీలు గిన్నె, కమలాపండు పక్కన పెట్టండి. కమలాపండును తొక్కతో ఒకసారి, తొక్క తీసి ఒకసారి వేయండి. గుడ్డు ఒకటి గ్లాసు నీళ్ళలో వేసి, మునిగిన తర్వాత ఉప్పు చెంచా చెంచాగా వేసి కలుపుతూ పోవాలి, ఎన్ని చెంచాలకు లేచిందో వాడే లెక్కపెట్టాలి. ఇప్పుడు మామిడికాయల కాలం కదా, ఒకే చెట్టువి లేతవి, ముదిరినవి ఓ నాలుగు తెచ్చి వేయండి, ఏమవుతుందో నేను చెప్పను.

మా బడిలో రెండో తరగతి పాప ఒకతె స్టీలు గిన్నె తేలడం చూసి ఊరుకోలేదు, గిన్నెలోకి చెంచాతో నీళ్ళు పోస్తూ ఎన్ని చెంచాలకు మునుగుతుందో లెక్కపెట్టింది. తర్వాత ఇంకా పెద్ద గిన్నె అడిగింది. ఆ రోజు నేను చెప్పాలనుకున్న పాఠం చెప్పనేలేదు, ఆ పూటంతా ఆ గిన్నెలతోనే గడిచిపోయింది, నాకు ఇప్పటికీ ఆ పూటే గుర్తు.

ఇంకో మాట, వాడు తప్పు చెప్తే వెంటనే సరిదిద్దకండి. నీళ్ళే చెప్తాయి.

చిత్తూరు పాపనాన్న
ఏప్రిల్ 12, ఉదయం 7:40

మేడం తప్పుగా అనుకోవద్దు, నా మాట వేరే. మా పాప ఇప్పుడు మూడో తరగతి. చిన్నప్పుడు నేనూ ఇట్లే గింజలు, గిన్నెలు, పూసలు అని బాగా ఆడించినా, ఇప్పుడు ఏడో ఎక్కం దగ్గర ఆగిపోతా ఉంది, టీచర్ డైరీలో రాసి పంపిస్తా ఉన్నారు, పాప ఏడస్తా ఉంది. పక్క పిల్లలు గడగడా చెప్తా ఉంటే మన బిడ్డ నోరు తెరవకుండా నిలబడితే ఎట్లుంటాదో చూసిన తండ్రిగా చెప్తా ఉన్నా. మా నాయన నాతో రోజూ పొద్దున ఇరవై ఎక్కాలు చెప్పించినాడు, ఈరోజు అంగట్లో కాలిక్యులేటర్ లేకుండా బిల్లు వేస్తానంటే అది ఆయన పుణ్యమే. ఆట కావాలి, కాదనను, కానీ వల్లె వేయడం కూడా కావాలి.

పాకాల టీచర్
ఏప్రిల్ 12, సాయంత్రం 6:15

అన్నా, మీరు అన్నదాంట్లో సగం నేను ఒప్పుకుంటా. ఎక్కాలు నోటికి రావాలి, అందులో రాజీ లేదు. కానీ దేని తర్వాత ఏది అనే దగ్గరే మనం తప్పు చేస్తాం. గుడ్ల అట్ట ఒకటి తీసుకోండి, ముప్పై గుడ్లది. పాపకు చూపించి ఐదు వరసల్లో ఆరు, అట్ట తిప్పితే ఆరు వరసల్లో ఐదు, గుడ్లు మారలేదు కదా అని అడగండి. అది కంటితో చూసిన బిడ్డకు ఏడో ఎక్కంలో సగం అప్పుడే అయిపోయినట్టు, ఎందుకంటే ఏడు రెళ్ళు, ఏడు మూళ్ళు, ఏడు నాలుగులు వెనక ఎక్కాల్లో వచ్చేసినాయి. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏడేళ్ళు, ఏడెనిమిదులు, ఏడు తొమ్మిదులు, అంతే. ఇది తెలిసిన తర్వాత వల్లె వేయించండి, ఏడవదు.

ముగ్గుబుట్ట
ఏప్రిల్ 12, రాత్రి 9:30

టీచరమ్మ ఎక్కాల మాట ఎత్తింది కాబట్టి నాకు తెలిసిన ముచ్చట చెప్తా. నాకు అరవై రెండేళ్ళు, పుత్తూరు, చదివింది ఎనిమిది. నా మనవరాలికి ఏడేళ్ళు, సంక్రాంతి నెలలో దానికి ముగ్గు నేర్పిస్తా ఉంటే అది అడిగింది, అవ్వా ఈ ముగ్గుకు మొత్తం ఎన్ని చుక్కలు పెట్టినావు అని. నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. సరే ఇద్దరం కూర్చున్నాం.

సందు చుక్క ముగ్గులు తీసుకోండి. 3 చుక్కలు, 2 వచ్చేదాకా పెడితే మొత్తం 7. 5 చుక్కలు, 3 వచ్చేదాకా పెడితే 19. 7 చుక్కలు, 4 వచ్చేదాకా అయితే 37. 9 చుక్కలు, 5 వచ్చేదాకా అయితే 61. ఇప్పుడు ఒక్క చుక్క నుంచి మొదలుపెట్టి ఒకదాన్నుంచి ఒకటి తీసేయండి. 1 నుంచి 7కు 6 పెరిగింది, 7 నుంచి 19కి 12, ఆ తర్వాత 18, ఆ తర్వాత 24. ఆరో ఎక్కం! నా మనవరాలు "అవ్వా ఇది సిక్స్ టేబుల్" అని అరిచి వాకిట్లో ఎగిరింది, ముగ్గు తొక్కేసింది, నేనేమీ అనలేదు. ఆరే ఎందుకు వస్తాదో కూడా అదే చెప్పింది, ముగ్గుకు ఆరు వైపులు ఉన్నాయి, చుట్టూ ఇంకో వరస పెడితే ప్రతి వైపూ ఒక్కో చుక్క ఎక్కువ పడతాది అని.

చిన్నోడికి ఇది పెద్దదవుతాది, వాడికి చింతగింజలు ఇవ్వండి. ఒక గింజ పెట్టి, దాని చుట్టూ మూలగా 3 పెడితే రెండు రెళ్ళ గడి వస్తాది, మళ్ళీ మూలగా 5 పెడితే మూడు మూళ్ళ గడి, మళ్ళీ 7. బేసి సంఖ్యలు వరసగా పేరిస్తే ఎప్పుడూ సరైన చదరమే. వామనగుంటలు ఆడించండి, పద్నాలుగు గుంటల్లో గింజలు పంచుతా పంచుతా ఎక్కడ అయిపోతాదో ముందే చెప్పడం వస్తే వాడికి కూడిక వచ్చినట్టే.

చిత్తూరు పాపనాన్న
ఏప్రిల్ 12, రాత్రి 10:10

అమ్మా, మీ ముగ్గు లెక్క చదివి నేను కాగితం మీద చుక్కలు పెట్టి చూసినా. 61 కరెక్టే. మా పాప రేపు పొద్దున లేవగానే పెట్టిస్తా.

రేణిగుంట రైలు
ఏప్రిల్ 13, ఉదయం 6:50

నేను రైల్వేలో పని చేస్తా, మా ఇద్దరు మగపిల్లలకు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ తోనే ఆరు నెలలు గడిచింది. సైకిల్ అంగట్లో వాల్వ్ ట్యూబ్ మీటర్ లెక్కన ఇస్తారు, చవక. చిన్న చిన్న ముక్కలు కోసి, అగ్గిపుల్లల మందు గీకేసి (ఇది మీరే చేయండి) ట్యూబ్ ముక్కల్లో దూర్చి అతికించుకుంటా పోవడమే. మూడు పుల్లలతో త్రిభుజం చేయించండి, నొక్కమనండి, కదలదు. నాలుగు పుల్లలతో చదరం చేయించండి, నొక్కితే వంకరపోతాది. దాన్ని గట్టిగా నిలబెట్టాలంటే ఏం చేయాలి అని అడిగి ఊరుకోండి. మా చిన్నోడు రెండు రోజులు ట్యూబ్ మారిస్తే సరిపోతాది అనుకున్నాడు, మూడో రోజు మూల నుంచి మూలకు అడ్డంగా ఇంకో పుల్ల వేసినాడు. ఆ వారం గూడూరు పోయే దారిలో కరెంటు టవర్లు, బ్రిడ్జిలు చూసి "నాన్నా అన్నీ త్రిభుజాలే" అని బండిలో అందరికీ చెప్పినాడు.

ఈ అగ్గిపుల్లల పద్ధతిని దేశమంతా తిప్పినాయన అరవింద్ గుప్తా, ఐఐటీ కాన్పూర్‌లో చదువుకుని, పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం పిల్లలకు నేర్పడానికే జీవితం పెట్టినాడు, 2018లో పద్మశ్రీ ఇచ్చినారు. మన పిల్లకాయలకు తాటిముంజ కాయల బండి, తాటాకు గిరక, అగ్గిపెట్టెల ఫోన్ ఎట్లా చేయాలో మనకే వచ్చు కదా, అవీ ఇవే. గిరకను ఎదురుగాలికి పట్టుకుని ఎందుకు పరిగెత్తాలో వాడినే అడగండి.

వార్డు అక్క
ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2:25

నేను నర్సుని, పిల్లల వార్డులో చేస్తా, అందుకని ఒక్క మాట. గింజలతో లెక్కలు మంచిదే కానీ మూడేళ్ళ లోపు పిల్లలు ఇంట్లో ఉంటే చింతగింజలు, శనగలు కింద వదలొద్దు, ముక్కులోనో చెవిలోనో పెట్టుకుని వస్తారు, పోయిన నెలలో నాకు తెలిసి ఇద్దరు. శనగ గింజ లోపల తడికి ఉబ్బి ఇంకా ఇరుక్కుంటాది, ఇంట్లో పిన్నీసుతో తీయబోకండి, తీసుకురండి. ఇంకోటి, గురిగింజలు ఎర్రగా నల్లగా ముద్దొస్తా ఉంటాయి, తూకానికి, లెక్కకు బాగుంటాయని కొంతమంది తెస్తారు. అవి విషం. నమిలితే ప్రాణం మీదికి వస్తాది. ఆముదం గింజలు కూడా వద్దు. చింతగింజలు, పెద్ద బొబ్బర్లు, గవ్వలు చాలు.

ముగ్గుబుట్ట
ఏప్రిల్ 13, మధ్యాహ్నం 3:00

మంచి మాట చెప్పినావు తల్లీ. మా కాలంలో గురిగింజలతో ఆడినాం, దేవుడు చల్లగా చూసినాడు. ఇంట్లో ఒక డబ్బా ఉంది, ఇప్పుడే తీసేస్తా.

కొర్లగుంట అమ్మ
ఏప్రిల్ 15, రాత్రి 9:50

రెండు రోజుల సంగతి చెప్తా. మొదటి రోజు టబ్బు పెట్టినా, వాడు ఎర్రగడ్డ మునగతాది అన్నాడు, అది తేలింది, నేను అలవాటుగా "చూసినావా తప్పు" అనేసినా. అంతే, ఆ తర్వాత ప్రతిదానికీ నా మొహం చూసి చెప్పడం మొదలుపెట్టినాడు. టీచరమ్మా, మీరు ముందే చెప్పినారు, అయినా నోరు జారింది.

రెండో రోజు నేనేమీ పెట్టలేదు. వాడి తెల్ల చొక్కా మీద సాంబారు మరక పడితే బాత్రూంలో సబ్బు రుద్దతా ఉన్నా, పక్కన నిలబడి చూస్తా ఉన్నాడు. పసుప్పచ్చ మరక సబ్బు తగలగానే ఎర్రగా అయిపోయింది. "మమ్మీ రక్తం! ఎందుకట్లా అయింది?" అన్నాడు. ఎందుకు అన్నాడు! చొక్కా వదిలేసి వాడిని వంటింట్లోకి తీసుకుపోయినా. సాంబారులో ఏమేం వేస్తామో వరసగా గిన్నెల్లో పెట్టినాం, చింతపండు రసం, కారం, పసుపు, ఉప్పు, ఒక్కోదాని మీద సబ్బు నీళ్ళు వేసి చూసినాడు, పసుపు దగ్గర దొరికింది. ఆ తర్వాత ఎర్రగా అయినదాని మీద నిమ్మకాయ పిండితే మళ్ళీ పచ్చగా వచ్చింది, మళ్ళీ సబ్బు, మళ్ళీ ఎరుపు. గంటన్నర. మా ఆయన వచ్చేసరికి వంటింటి బండలన్నీ పసుపు, ఆయన ఏమీ అనకుండా పక్కన కూర్చుని సున్నం వేస్తే ఏమవుతాదిరా అన్నాడు.

కాళహస్తి కలం
ఏప్రిల్ 16, ఉదయం 8:15

అక్కా, పసుపులో సున్నం కలిపితే ఎరుపు, పాతకాలం కుంకుమ అదే కదా. మీవాడికి రంగులు ఇష్టమైతే మా ఇంటి పని ఒకటి చెప్తా. మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారీ వేస్తారు. నలుపు రంగు కోసం మేం అంగట్లో ఏమీ కొనం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు ఊరబెడతాం, దాన్ని కసిం అంటాం. చూస్తే మామూలు గోధుమరంగు నీళ్ళే. గుడ్డను మాత్రం ముందే కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టుకోవాలి. ఆ గుడ్డ మీద కసిం పెట్టగానే కళ్ళముందే నల్లబడతాది. కరక్కాయలో ఉండే వగరూ ఇనుమూ కలిస్తే ఆ నలుపు పుడతాది, వేరే గుడ్డ మీద వేసి చూడండి, అంత నలుపు రాదు. పాలు ఎందుకంటే రంగు పాకకుండా గీత గీతగానే నిలబడడానికి. మీవాడి చేత ఒక గుడ్డ పాలతో, ఒకటి పాలు లేకుండా చేయించండి, తేడా వాడే చెప్తాడు.

సీసాలో చేస్తే మూత బిగించొద్దు, బెల్లం పులిసి గ్యాస్ వస్తాది. నోట్లో పెట్టుకోనివ్వొద్దు. రెండు వారాలు ఆగలేనంటే చిక్కటి టీ డికాక్షన్‌లో తుప్పు మేకులు నానిన నీళ్ళు కలిపి చూపించండి, అదీ నల్లబడతాది, టీలో కూడా ఆ వగరే ఉంది. కానీ పిల్లకాయలు రోజూ పోయి కుండ వాసన చూసి "ఈరోజు ఎట్లుంది" అని కనిపెట్టుకుని ఉండడం ఉంది చూడండి, నాకు అదే అసలు పని అనిపిస్తాది.

శెనక్కాయల చేను
ఏప్రిల్ 16, రాత్రి 8:40

మాది పుంగనూరు పక్క పల్లె. టౌను పిల్లలు వస్తే నేను అడిగే ప్రశ్న ఒకటే, శెనక్కాయ చెట్టుకు యాడ కాస్తాది. వేరుకు అంటారు, కాయలు భూమిలో ఉంటాయి కదా. కాదు. పసుప్పచ్చ పువ్వు పైనే పూస్తాది, ఆ పువ్వు రాలినాక దాని మొదట్నించి ఊడ దిగి మట్టిలోకి పోతాది, ఆ ఊడ కొసన కాయ ఊరతాది. విత్తిన నెలకు అటూ ఇటూ పూత వస్తాది, కుండీలో అయినా పెంచొచ్చు, మట్టి గుల్లగా ఉండాల. ఒక ఊడ కింద గట్టి అట్ట ముక్క పెట్టి మట్టిలోకి దిగనీయకుండా ఆపి చూడమనండి, కాయ ఊరతాదా లేదా. పీకినప్పుడు వేర్లకు చిన్న బుడిపెలు ఉంటాయి, ఒకటి గోరుతో గిల్లి లోపల రంగు చూడమనండి. మంచి చేనులో గులాబి రంగు ఉంటాది. గాలిలో ఉండే నత్రజనిని చెట్టుకు అందించే బ్యాక్టీరియా కాపురం అది. మా నాయనకు ఈ మాటలు తెలియవు కానీ శెనక్కాయ వేసిన చేనులో తరవాతి పంట బాగుంటాదని తెలుసు.

అలిపిరి మెట్లు
ఏప్రిల్ 18, ఉదయం 9:10

బయటికి తీసుకుపోయే చోట్లు కూడా రాస్తా. అలిపిరి దగ్గర రీజనల్ సైన్స్ సెంటర్ ఉంది, తాకి తిప్పి చూసేవే ఎక్కువ, కానీ ఒక్కరోజులో అన్నీ చూపించాలని లాక్కుపోవద్దు, ఒక్క ఎగ్జిబిట్ దగ్గర గంట నిలబడినా నిలబడనివ్వండి. కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ వాళ్ళకు 172 ఎకరాల క్యాంపస్ ఉంది, 1999 నుంచి బడి పిల్లలకు చేతులతో చేసే సైన్సే వాళ్ళ పని, ఊళ్ళకు వ్యాన్లలో సామాన్లు తీసుకుపోయి చేయిస్తారు, మీ బడి వాళ్ళతో మాట్లాడించండి.

డబ్బులేమీ అక్కర్లేనిది కొండ. నడిచి పోతే అలిపిరి దారిలో 3,550 మెట్లు అంటారు, వందకోసారి ఒక గింజ జేబులో వేసుకోమనండి. ఎక్కేముందు, ఎక్కినాక మణికట్టు దగ్గర నాడి అర నిమిషం లెక్కపెట్టించండి. ఘాట్ రోడ్డులో ఒకచోట కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కనపడతాది, ఆ రెంటికీ మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ళ ఖాళీ ఉంది, శిలాతోరణం కూడా ఆ పొరల రాయే. ఇంటికొచ్చి సీసాలో స్వర్ణముఖి ఇసక, తోట మట్టి, నీళ్ళు పోసి బాగా ఊపి కదలకుండా పెట్టండి. పొద్దునకు పొరలు పేరుకుని ఉంటాయి, ఏది ముందు కింద పడిందో వాడు చెప్తాడు. ఆ కొండ రాయి కూడా ఒకప్పుడు ఇట్లా పేరుకున్న ఇసకే అని అప్పుడు చెప్పండి, ముందు కాదు.

నీడల లెక్క
ఏప్రిల్ 20, రాత్రి 10:30

ఈ థ్రెడ్ ఆలస్యంగా చూసినా కానీ టైముకే చూసినా. ఈ నెల 26, 27 తేదీల్లో తిరుపతిలో మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకు అటూ ఇటూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిట్టనిలువుగా ఉన్న వస్తువుకు నీడ ఉండదు. చిత్తూరు వాళ్ళకు ఒకరోజు ముందే, దక్షిణంగా ఉంది కాబట్టి. మళ్ళీ ఆగస్టు 16 చుట్టుపక్కల ఇంకోసారి. రోజూ మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తినే ఉంటాదని అందరూ అనుకుంటారు, కాదు, మనకు ఏడాదిలో రెండుసార్లే.

ఇప్పట్నించే మొదలుపెట్టండి. మిద్దె మీద 30 సెంటీమీటర్ల పుల్ల ఒకటి నిలబెట్టండి, దారానికి రాయి కట్టి వేలాడదీసి దాని పక్కన పెడితే పుల్ల నిలువుగా ఉందో లేదో తెలిసిపోతాది. రోజూ అదే టైముకు నీడ కొస దగ్గర సుద్దముక్కతో గీత పెట్టమనండి. ఏ వైపు పడతా ఉందో కూడా రాసుకోండి, ఎందుకో తర్వాత చెప్తా. సూర్యుడి వైపు మాత్రం చూడనివ్వొద్దు, కింద నీడనే చూడాల. కాళ్ళకు చెప్పులు వేయండి, మిద్దె కాలిపోతా ఉంటాది.

కొర్లగుంట అమ్మ
ఏప్రిల్ 26, రాత్రి 9:15

ఈరోజు సెలవు పెట్టినా. పక్కింటి పిల్లలతో కలిపి ఆరుగురు మిద్దె మీద. పుల్ల, స్టీలు గ్లాసు, నీళ్ళ బాటిల్, వాడి క్రికెట్ స్టంపు అన్నీ నిలబెట్టినారు. పన్నెండు కొట్టినప్పుడు పుల్లకు ఇంకా సన్న నీడ తూర్పు పక్కకు... కాదు, మొదట పడమట ఉండి తగ్గతా తగ్గతా పోయింది, నేను కూడా కింద కూర్చుని చూసినా. 12:10కి పుల్ల మొదట్లో ఏమీ లేదు. గ్లాసుకు కూడా లేదు. పిల్లలందరూ నిలబడి తమ నీడ కోసం చుట్టూ తిరిగినారు. మావాడు "నా నీడ చెప్పుల కింద దాక్కుంది" అని ఎగిరి ఎగిరి చూసినాడు, ఎగిరినప్పుడల్లా అది కింద కనపడతా ఉంది!

మామిడికాయలూ వేసి చూసినాం టీచరమ్మా, రెండు మునిగినాయి, రెండు తేలినాయి. మునిగినవి కోస్తే టెంక గట్టిగా ఉంది, తేలినవాటిలో కత్తి దిగిపోయింది. ఇప్పుడు వాడు అంగడికి పోతే కాయల పక్కన బకెట్ పెట్టమంటా ఉన్నాడు.

చిత్తూరు పాపనాన్న
ఏప్రిల్ 27, ఉదయం 7:20

మేం 25న చేసినాం, ఇక్కడ ఒకరోజు ముందు అన్నారు కదా. పాప ముగ్గుల మీద పడింది, 11 చుక్కలు, 6 వచ్చేదాకా పెడితే 91 వస్తాదని పెట్టకముందే చెప్పింది, 61కి 30 కలిపినా అంది. ఎక్కాలు పొద్దున చెప్పించడం నేను మానలేదు, మానను కూడా, కానీ ఇప్పుడు ఏడో ఎక్కానికి ముగ్గు ఉందా నాన్నా అని అడగతా ఉంది. ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

ముగ్గుబుట్ట
ఏప్రిల్ 27, ఉదయం 8:05

ఏడు వైపుల ముగ్గు నేను ఎప్పుడూ వేయలేదు నాయనా. పాపను వేసి చూడమను, చుక్కలు సందుల్లో కుదురుతాయేమో కుదరవేమో. నేనూ ఈరోజు కూర్చుంటా.

కొర్లగుంట అమ్మ
మే 11, మధ్యాహ్నం 1:05

నీడల లెక్క అన్నా, వైపు రాసుకోమన్నది ఎందుకో ఇప్పుడే తెలిసింది, పిల్లోడు నాకు ఆఫీసుకు ఫోన్ చేయించినాడు వాళ్ళ అవ్వతో. ఏప్రిల్‌లో గీతలన్నీ కొండ వైపు ఉన్నాయి, అంటే ఉత్తరం. ఈరోజు నీడ రెండు సెంటీమీటర్లు ఉంది, కానీ కొండకు ఇటు పక్క, స్టేషన్ వైపు. "మమ్మీ నీడ అటు నుంచి ఇటు దాటేసింది, సూర్యుడే కొండ మీదికి పోయినాడా, ఎంత దూరం పోతాడు, మళ్ళీ ఎప్పుడు వస్తాడు?" ఊపిరి తీసుకోకుండా మూడు ప్రశ్నలు. నేను ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. సుద్దముక్క అయిపోయిందంట, పోయేటప్పుడు డబ్బా ఒకటి తీసుకుపోవాలి.